మనోళ్లు ఏడున్నరు తాతా?

షోలాపూరులో భయ్యా చౌకు దగ్గర ఒక పాత ఇల్లు ఉంది. చైనా యుద్ధరంగంలో వైద్యం చేస్తూ అక్కడే ప్రాణాలు విడిచిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పుట్టిన ఇల్లు అది. మా నగరపాలక సంస్థ దానిని బాగు చేయించి 2012లో స్మారక మ్యూజియంగా తెరిచింది. పంతులు ఉద్యోగం చాలించాక, మా ఇంటావిడ కూడా కాలం చేశాక, పొద్దు గడవక ఊరు తిరిగే రోజుల్లో ఒకనాడు ఆ ఇంట్లో అడుగు పెట్టాను. ఎండకు ఓర్వలేక నీడ కోసం వెళ్లానే గాని చరిత్ర కోసం కాదు. అబద్ధం ఎందుకు?

లోపల ఏదో పల్లెటూరి బడి పిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. గోడల మీది ఫోటోలు చూస్తూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వరసగా నడిచిపోతున్నారు. వెంట వచ్చిన మాస్టారు "వరస తప్పొద్దు, ముట్టుకోవద్దు" అనడమే గాని ఇంకో మాట లేదు. పది నిమిషాల్లో చూడడం అయిపోయింది. గుమ్మం దగ్గర ఒక కుర్రవాడు "ఈయన చైనాకు ఎందుకు పోయాడురా?" అని మరాఠీలో అడిగాడు. "సినిమా తీయడానికి" అన్నాడు పక్కవాడు.

ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పిన నోరు ఊరుకుంటుందా? "ఆగండ్రా బాబూ" అని ఇద్దరినీ నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది, ఆ తర్వాత మాస్టారుతో సహా అందరూ వెనక్కి వచ్చి నా చుట్టూ మూగారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను. అలా మొదలయింది నా పని. జీతం లేదు, బిళ్ల లేదు, నియామకపు కాగితం అసలే లేదు. వీలున్నప్పుడు వెళ్లడం, వచ్చినవాళ్లు వింటామంటే చెప్పడం. అంతే.

ఈ రకం పని కొత్తది కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో బోస్టన్ నగరపు లలితకళల మ్యూజియం వారు 1907లోనే సందర్శకుల వెంట నడిచి వివరించే స్వచ్ఛంద సేవకులను పెట్టారట. వాళ్లకు పెట్టిన పేరుకు లాటిన్ భాషలో మూలార్థం 'బోధించడం'. అంటే పంతులు పనే! బెత్తం ఉండదు, పరీక్ష ఉండదు, ఇష్టం లేని పిల్లవాడు లేచి వెళ్లిపోవచ్చు. నా అనుభవంలో పంతులుకు ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

కోట్నీస్ కథ పాఠకులకు తెలిసిందే అయినా రెండు మాటలు చెప్పుకోవాలి. 1910 అక్టోబరు 10న పుట్టాడు. బొంబాయిలో వైద్యం చదివాడు. 1937లో జపాను చైనా మీద విరుచుకు పడింది. మనదేశం సాయం పంపాలని చైనా సేనాని జూ దే నెహ్రూకు లేఖ రాశాడు. 1938లో కాంగ్రెసు పంపిన వైద్యబృందంలో అటల్, చోల్కర్, బసు, ముఖర్జీలతో పాటు ఐదవవాడుగా కోట్నీస్ వెళ్లాడు. మిగిలినవారు తిరిగి వచ్చారు. ఈయన ఉండిపోయాడు. చైనా భాష నేర్చుకున్నాడు. కెనడా డాక్టరు నార్మన్ బెతూన్ పేర వెలసిన ఆస్పత్రికి 1941లో అధిపతి అయ్యాడు. క్వో చింగ్లాన్ అనే నర్సును పెళ్లాడాడు. కొడుకు పుడితే ఇన్‌హువా అని పేరు పెట్టారు. 'ఇన్' అంటే భారతదేశం, 'హువా' అంటే చైనా. ఆ పిల్లవాడికి నాలుగు నెలలు కూడా నిండకముందే, 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ల వయసులో కోట్నీస్ కన్నుమూశాడు.

ఇక్కడే నాకు మొదటి చిక్కు ఎదురయింది. తూటా తగిలి చనిపోయాడని చెబితే బాగుండునని వినేవాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది. 1946లో శాంతారామ్ తీసిన సినిమా పేరైనా చాలామంది విని ఉంటారు, వీరమరణం కోసం ఎదురు చూస్తారు. కాని ఆయన పోయింది మూర్ఛవ్యాధితో. ఆ జబ్బు వస్తూ పోతూ ఉన్నా రోగుల పక్కనుంచి లేవలేదు. తూటా తగిలిందని ఒక్కసారి చెప్పి చూద్దామని నాకూ నోరు దురద పెట్టింది. చెప్పలేదు. జబ్బును ఒంట్లో పెట్టుకుని ఇంకొకరి గాయాలు కుట్టిన మనిషికి నేను అతికించే తూటా దేనికి?

నాలుగేళ్లు ఇలా గడిచాయి. ఒక శ్రావణమాసంలో మా పూర్వభాగం నుంచి ఒక బడి పిల్లలు వచ్చారు. షోలాపూరు తెలియని పాఠకులకు చెప్పాలి: ఊరికి తూర్పున సాఖర్‌పేట, భవానీపేట, జోడ్‌బసవణ్ణ చౌకు, కన్నా చౌకు, అశోక్ చౌకు, ఇటు కుచన్ నగర్. ఇదంతా నేతగాళ్ల రాజ్యం. ఇంటి గుమ్మాల్లో తెలుగే వినబడుతుంది, అంగడి పలకల మీద మరాఠీ కనబడుతుంది. నేను పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది అన్నీ ఆ గల్లీల్లోనే.

ఆ రోజు నేను 1930 సంగతి చెబుతున్నాను. కోట్నీస్‌కు ఇరవై ఏళ్లు నిండబోయే కాలం. మే నెలలో గాంధీగారిని పట్టుకున్నారన్న వార్తతో ఊరు భగ్గుమంది. కాల్పులు జరిగాయి. కొన్ని రోజులు తెల్లదొరల పాలన ఊళ్లో చెల్లలేదు. మే 12న సైనిక శాసనం విధించారు. మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్, ఈ నలుగురినీ 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీశారు. ఊరి నడుమ వాళ్ల విగ్రహాలున్నాయి. ఈ ఊరి కులాలూ మతాలూ ఆ నలుగురి పేర్లలోనే వినిపిస్తాయని చెప్పడం నాకు అలవాటు.

చెప్పడం ముగించి, మోకాళ్లు పట్టుకుని "అమ్మయ్య" అంటూ బల్ల మీద కూర్చున్నాను. పన్నెండేళ్ల పిల్ల ఒకతె దగ్గరికి వచ్చింది. అంతదాకా నన్ను 'ఆజోబా' అంటున్న పిల్ల గొంతు తగ్గించి తెలుగులోకి దిగింది.

"తాతా, మీరు తెలుగోళ్లా?"

"అవును బిడ్డా."

"గట్లయితే గీ కథల మనోళ్లు ఏడున్నరు తాతా?"

నాకు జవాబు తోచలేదు. ఆ పిల్ల కాసేపు చూసి తోటివాళ్లతో వెళ్లిపోయింది.

నలుగురు హుతాత్మల పేర్లు నిద్రలో లేపినా చెప్పగలను. చైనా డాక్టరు కొడుకు పేరుకు అర్థం చెప్పగలను. మా తాత కరీంనగరం వైపు నుంచి ఏ సంవత్సరం వచ్చాడో నాకు తెలియదు. పైగా, తెలియకపోవడం లోటని ఆ రోజు దాకా తోచలేదు. నిజం చెప్పాలంటే తెలుసుకోవాలనీ అనుకోలేదు. మరాఠీ ఉచ్చారణలో యాస వినబడకూడదని అద్దం ముందు నిలబడి సాధన చేసిన తరం మాది. మా నాయిన గుంట మగ్గంలో కాళ్లు పెట్టి నేసేవాడని నా తోటి ఉపాధ్యాయులకు నేను ఏనాడూ చెప్పలేదు.

ఆ పిల్లకు జవాబు బాకీ పడ్డాననిపించింది. పుస్తకాలు వెదికాను, ముసలివాళ్లను అడిగాను. తెలిసిన మేరకు సంగతి ఇది.

1860లో రైలు షోలాపూరు చేరింది. 1871లో పట్టాలు రాయచూరు దాకా పోయి మద్రాసు వైపు దారితో కలిశాయి. అప్పటికే పెద్ద అంగడిగా ఉన్న ఊరు మరింత పెరిగింది. నైజాము సరిహద్దు ఇక్కడికి కూతవేటు దూరం. 1876-78 నాటి మహాకరువు దక్కనునంతా ఎండగట్టింది, షోలాపూరునూ వదలలేదు. అయినా నూలు, రంగులు, చీరల బేరగాళ్లు ఒక్కచోట దొరికే ఊరు కనుక, తెలంగాణా పల్లెల్లో కూలి దొరకని మగ్గం ఇటు నడిచింది. ముందు ఒక అన్న వచ్చాడు, వాడి వెంట తమ్ముడు, తమ్ముడి వెంట బామ్మర్ది. అలా పేటలకు పేటలు నిండాయి.

1877లో మొదటి బట్టల మిల్లు పెట్టారు. మేము ఇప్పటికీ దానిని 'జునీ మిల్లు' అంటాం, పాత మిల్లు అని. తరువాత నరసింగ్‌గిర్జీ, విష్ణు, లక్ష్మి మిల్లులు వచ్చాయి. మిల్లు వస్తే మగ్గం చస్తుందని చాలా పుస్తకాల్లో రాస్తారు. షోలాపూరులో మిల్లు నూలు తిని మగ్గం బలిసింది. మనవాళ్లలో ఎక్కువమంది మిల్లు గేటు కన్నా కార్ఖానానే నమ్ముకున్నారు. ఇక్కడ కార్ఖానా అంటే పొగగొట్టం కాదు. ఒక పెద్ద కొట్టంలో వరసగా చేమగ్గాలు. మగ్గం యజమానిది, చేతులు మనవి. పని అక్కడే, చాలామందికి పడక కూడా ఆ మగ్గాల పక్కనే. ముందుగా తీసుకున్న బాకీ తీరేదాకా ఇంకో కార్ఖానాకు పోవడానికి లేదు. ఆ యజమానుల్లోనూ మనవాళ్లే ఎందరో ఉన్నారు. ఈ మాట చెప్పకుండా దాటేస్తే చరిత్ర సగమే అవుతుంది.

ఇంట్లో ఆడవాళ్లు రాట్నం మీద కండెలు చుట్టేవారు, ఆసు పోసేవారు. పడుగు సవరించేవారు. ఒక చీర వెనుక ఎన్ని చేతులున్నా కూలి లెక్కలో ఒక్క మగవాడి పేరే ఉండేది.

ఈ బతుకును పట్టించుకున్నవాళ్లు లేకపోలేదు. పూనా గోఖలే సంస్థ తరఫున ధనంజయరావు గాడ్గీళ్ షోలాపూరు కుటుంబాల మీద 1938లో సర్వే నడిపారు. అదే సంస్థ 1947లో షోలాపూరు నేత కులాల మీద కాకడే రాసిన పుస్తకం అచ్చువేసింది. ఆ పుస్తకం చేతికి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయిన వయసులో ఉన్న రోజులవి. ఆయన పేరు అందులో లేదు, ఉండదు కూడా. కాని ఆయన కూలి, అప్పు, ఇరుకు గది అన్నీ ఉన్నాయి.

ఇంకొక ముచ్చట. 1949లో పాత మిల్లు మూతపడి వేలమంది వీధిన పడ్డారు. 1950లో ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చి మిల్లు యాజమాన్యాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. చిరంజీత్‌లాల్ చౌధురీ అనే వాటాదారు కొత్తగా ఏర్పడిన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అదే సంవత్సరం డిసెంబరులో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు ఆయన వాదాన్ని తోసిపుచ్చారు. చట్టం ముందు సమానత్వం అంటే ఏమిటో చదివే విద్యార్థులు ఈనాటికీ ఆ తీర్పు చదువుతారు.

తరువాత కరెంటు వచ్చింది. చేమగ్గం పక్కకు తప్పుకుంది, సాంచాలు దిగాయి. జాకార్డు పెట్టి నేసిన షోలాపూరు చద్దరు దేశంలో ఇంటింటికీ చేరింది. 2005లో చద్దరుకూ తువాలుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు చద్దరు సాంచాలు తగ్గి తువాళ్లవి పెరిగాయి. పెద్ద మిల్లులు మూతపడ్డాయి. మగవాడికి పని ఆగిన ఇళ్లలో ఆడమనిషి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. మా ఇంట్లోనూ అంతే. నా పంతులు శిక్షణ ఖర్చు మా ఆవిడ బీడీల డబ్బు. తునికాకు వాసన ఆమె వేళ్లను చివరిదాకా వదలలేదు. నాలుగేళ్లు ఊరి చరిత్ర చెప్పిన నేను ఈ మాట ఒక్కరికీ చెప్పలేదు.

ఇంత కూడబెట్టాక మా పేటలో ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన సంతోషించాడు. "అంతా బాగానే ఉంది గాని పంతులూ, ముప్పైలో కాల్పుల్లో పోయినవాళ్లలో మనోడి పేరు ఒక్కటి చేర్చరాదూ? ఎవడొచ్చి అడుగుతడు?" అన్నాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. పరాయి గడ్డ మీద బతికే జనానికి ఒక వీరుడి పేరు కావాలి, విగ్రహం కావాలి. ఆ రోజు గుంపుల్లో మనవాళ్లు ఉండే ఉంటారని నేనూ అనుకుంటాను. కాని అనుకోవడం వేరు, పేరు పెట్టి చెప్పడం వేరు. "తాతా, ఆ ఒక్క పేరు అబద్ధమని తేలితే తక్కిన నిజాలన్నీ నీళ్లపాలవుతాయి" అన్నాను. కోట్నీస్‌కు అతికించని తూటా మనవాళ్లకు మాత్రం ఎలా అతికిస్తాను? ఆయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

మరి ఆ పిల్లకు ఏం చూపించాలి? పూనాలో చూసిన కేళ్కర్ మ్యూజియం గుర్తుకు వచ్చింది. దినకర్ కేళ్కర్ గారు చిన్నతనంలోనే పోయిన కొడుకు రాజా పేర 20 వేలకు పైగా వస్తువులు పోగుచేశారు. రాజుల కిరీటాలు కావవి. దీపపు సెమ్మెలు, దువ్వెనలు, అడకత్తెరలు. ఎవరి వంటింట్లోనో అరిగిపోయిన సామాను. పుత్రశోకాన్ని ఆయన అలా పదిమందికి పనికివచ్చేలా చేసుకున్నారు. సెమ్మెలు చూస్తుంటే ఒకటే అనిపించింది: చమురు లేని దీపం ఎంత అందమైనదైనా వస్తువే. అది ఎవరి ఇంట్లో, ఏ చీకట్లో వెలిగిందో చెప్పేవాళ్లుంటేనే దీపం.

మాకు కేళ్కర్ గారంతటి శక్తి లేదు. అద్దాల పెట్టెలూ లేవు. కాని మా వస్తువులు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి, వాటిని వాడిన చేతులు కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. ఆ బడిని వెదుక్కుంటూ వెళ్లాను. ఆదివారం నాడు పిల్లలను పూర్వభాగంలో నడిపిస్తానని చెప్పాను. వాళ్లు ఒప్పుకున్నారు.

మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. ప్రశ్న అడిగిన పిల్ల ముందు నడిచింది. సాంచాల చప్పుడులో నా మాట వినబడదు కనుక ఒక గల్లీ మలుపులో ఆగి చెప్పేవాణ్ణి. తర్వాత వాళ్ల నాయనమ్మ ఇంటికి వెళ్లాం. మూలన పాత రాట్నం, దుమ్ముపట్టిన పన్నె, రెండు నాడెలు. మగ్గం గుంట ఉన్నచోట ఇప్పుడు బండలు పరిచి, పైన బియ్యం డబ్బా పెట్టారు.

"ఏమున్నదని చూస్తరు బిడ్డా? పాత కట్టెలు" అంది ముసలమ్మ.

"అమ్మా, ఒక్క కండె చుట్టి చూపరాదూ?" అన్నాను.

నవ్వి, కొంగు సవరించుకుని కూర్చుంది. రాట్నం తిరిగింది. మొదటిసారి పోగు తెగింది, రెండోసారీ తెగింది. మూడోసారి చెయ్యి పాత దారి పట్టింది. ఇక ఆమెను అడిగేపని లేకపోయింది. తొమ్మిదో ఏట కండెలు చుట్టడం మొదలుపెట్టిన సంగతి, పండుగకు కార్ఖానాదారు బాకీ ఇచ్చిన సంగతి, శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం చూడడానికి ఒకే చీర ఇద్దరు అక్కచెల్లెళ్లు వంతులేసుకుని కట్టిన సంగతి, అన్నీ చెప్పింది. మరాఠీ పిల్లలు ఇద్దరు వెంట ఉన్నారు. మనవరాలు ఒక్కొక్క మాటా వాళ్లకు మరాఠీలో చెప్పసాగింది. 'పడుగు', 'పేక' అన్న మాటలు ఆ పిల్లకే తెలియవు. ముసలమ్మ పోగులు చేత్తో పట్టి, "ఇది నిలువు, ఇది అడ్డం" అని చూపించింది. పిల్ల చూసి నేర్చుకుని, తిరిగి చెప్పింది. నాకు అక్కడ పనిలేదని గ్రహించి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ల పంతులు పనిలో అంత మంచి పాఠం వినలేదు.

తరువాత ఆదివారం మా ఆవిడ చాట పట్టుకుపోయాను. ఆకు కత్తిరించే కత్తెర, కొలతకు పెట్టుకునే రేకు ముక్క కూడా. అవి ఆమె పోయినప్పటి నుంచి అటక మీదే ఉన్నాయి. "ఇది మీ అవ్వది. నన్ను పంతుల్ని చేసింది ఇదే" అని పిల్లలతో అన్నాను. గొంతు పట్టుకుంది. ఆమె బతికుండగా ఆమెకే చెప్పవలసిన మాట అది.

పూర్వభాగంలో నేతపనికి ఇంకా మ్యూజియం కట్టలేదు. ఎప్పటికైనా కడితే మంచిదే. నేను భయ్యా చౌకు మానలేదు. అక్కడ చెబుతున్నాను, ఇక్కడ నడుస్తున్నాను. అక్కడ ఒక మనిషి పరాయి దేశం వెళ్లి, వాళ్ల భాష నేర్చి, వాళ్ల మనిషై పోయాడు. ఇక్కడ పేరు తెలియని వేలమంది పరాయి గడ్డకు వచ్చి, దాని భాష నేర్చి, దేశానికంతా దుప్పటి నేశారు. చద్దరు మీద వ్యాపారి ముద్ర ఉంటుంది, నేసినవాడి పేరు ఉండదు. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు అదే: "మనోళ్లు ఏడున్నరంటే, నువ్వు కప్పుకునే దుప్పట్లో ఉన్నరు బిడ్డా."

భివండీలో, సూరతులో, ముంబయిలో, ఇంకా ఎక్కడెక్కడో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక మనవి. మీ అటక మీద ఒక నాడె ఉండవచ్చు, ఒక పన్నె ఉండవచ్చు, ఒక చాట ఉండవచ్చు. పాత సామానువాడికి వేసేముందు దానిని వాడిన చేతిని ఒక ఆదివారం కూర్చోబెట్టి అడగండి. చెప్పింది రాసుకోండి, తేదీలతో, ఊళ్ల పేర్లతో. తెలిసింది చెప్పండి, తెలియనిది కల్పించకండి. పక్కన ఒక పిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టుకోవడం మాత్రం మరవకండి.